పాత గొంతు పెట్టె

కరెంటు పోయింది. పోయి చాలాసేపయినట్టే ఉంది గానీ, ఎప్పుడొస్తుందని సిద్దిరాములు అడగలేదు. అడిగే అలవాటు లేదు. "ఇగ వస్తది కాకా, గీ యాళ్లకు రోజు తీస్తడు, మల్ల ఇస్తడు, కూసో" అని దుకాణం ఫరీద్ రేకు స్టూలు జరిపితే కూర్చున్నాడు, కూర్చుని కళ్లు మూయకుండానే లోపల ఒకదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఇంట్లో నిప్పు ఆరిపోతే పక్కింటి నుంచి పిడక మీద నిప్పు తెచ్చుకుంటారే, అట్లా తెచ్చుకున్నాడు దాన్ని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా, గాలి తగలకుండా, ఎవరితో మాట కలపకుండా. బస్సులో పక్కనున్న ఇద్దరు ఒక గెట్టు తగాదా గురించి లింగంపేట నుంచి మొదలుపెట్టి బస్టాండు దాకా ఆపలేదు. వాళ్ల మాటలు చెవిలోకి రాకుండా తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. స్టేషను రోడ్డు మీదికి వచ్చాక సినిమా బొమ్మ అతికించుకున్న ఆటో ఒకటి మైకుతో ఎదురైంది. అది పోయేదాకా ఒక బెల్లం దుకాణం లోపలికి పోయి నిలబడ్డాడు. బెల్లం ఏమైనా కావాలా అని అడిగారు. వద్దని తలూపాడు. అప్పుడు లోపల తడిమి చూసుకుంటే ఉంది, రాగం ఉంది, ఇంకా వెచ్చగానే ఉంది.

దానికి మాటలు లేవు. అతని భార్య రాజమణి పెదవులు మూసుకుని ముక్కుతో తీసేది. మూడు మెట్లు ఎక్కేది, మూడో మెట్టు మీద నిలబడి కొంచెం వణికేది, రెండు మెట్లు దిగి ఆగిపోయేది. ఆగిపోయాక ఒక ఖాళీ. పెనం మీద జొన్నరొట్టెను నీళ్ల చెయ్యితో తడిమి తిప్పేసేంత ఖాళీ. తరువాత మళ్లీ అవే మూడు మెట్లు. పొయ్యి ముందర, బర్రె దగ్గర, చెరిగేటప్పుడు చేట చప్పుడు మీద, ఎప్పుడూ అంతే, ఎక్కుడు, వణుకుడు, దిగుడు, ఖాళీ. ఆ ఖాళీ అంటే అతనికి భయం. పెళ్లయి బండి ఎక్కేటప్పుడు అత్త అతన్ని పక్కకు పిలిచి, "పిల్లకు చిన్నప్పుడు దమ్ముండె అల్లుడా, చలికాలం జర చూసుకో" అన్నది. ఆ ఆయాసం మాట చెవిలో పడ్డనాటి నుంచీ ఆమె రాగం ఆగిన ప్రతిసారీ ఊపిరి అందలేదేమో అనుకునేవాడు. పలుపు పేనుకుంటూనో, పార కర్రకు గూటం కొట్టుకుంటూనో చెవి అటు వేసి ఉంచేవాడు. మళ్లీ మొదటి మెట్టు వినపడితే ఇతని ఊపిరి ఆడేది. ఒక్కోసారి ఆ ఖాళీలో ఆమె పొయ్యి మీది నుంచి తలెత్తి ఇటు చూసేది. అప్పుడు అతను చూపు వాకిట్లోకి తిప్పేవాడు, తాను కనిపెట్టుకుని ఉన్నట్టు తెలిస్తే ఆమె బెదురుతుందేమోనని. ఇద్దరే మనుషులు ఆ ఇంట్లో. పిల్లలు కలగలేదు. చాలా ఏండ్లకు, ఎవరూ అనుకోని ఒక వానకాలం, దమ్ము నిజంగానే వచ్చింది. మెదకు దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టారు. అప్పుడు ఖాళీ తప్ప రాగం లేదు. నేను ముందే విన్నాను, మొదటినుంచీ వింటూనే ఉన్నాను, విని కూడా ఏం చేయలేకపోయాను అని ఆ దవాఖాన వరండాలో అనుకున్నాడు.

ఎదురుగా అద్దాల బల్ల మీద రెండు వాయించే పెట్టెలు ఉన్నాయి. పైన ఏ పేరు రాసి ఉన్నా ఈ ఊళ్లో దాన్ని క్యాసియో అనే అంటారు. ఒకటి నల్లగా, కొత్త బర్రెదూడ లాగా నిగనిగలాడుతూ ఉంది, దాని మీద చీమల బారు లాగా మీటలు. రెండోది బూడిద రంగు, అంచులు అరిగి, పక్కలకు కట్టె లాంటి రేకు అతికించి ఉంది. మస్కట్ నుంచో దుబాయి నుంచో వచ్చినవాళ్లు అవసరం పడి ఫరీద్‌కు ఇచ్చిపోయిన సామాను అంతా చుట్టూ అల్మారాల్లో ఉంది. టేపురికార్డర్లు, ఇస్త్రీ పెట్టెలు, సగం వాడిన సెంటు సీసాలు, ఎవరి ఇండ్లలోనో మోగి ఇప్పుడు మూగబోయినవి. సెల్లులు వేసి వినిపించమంటే పాతదానిలో సెల్లులు కారి స్ప్రింగులను తినేశాయట. "కొత్తదానికి ఆరు లావు సెల్లులు గావాలె. కొనుక్కొచ్చినంక నువ్వు వద్దంటె వాటిని నేను ఏం జేసుకోవాలె కాకా, కూరొండుకోవాల్నా" అని ఫరీద్ నవ్వాడు. మంచివాడే. వాజిదా అని తన బిడ్డ పేరు దుకాణం పలక మీద రాయించుకున్నాడు. కరెంటు లేని చీకట్లో కూడా ఒక గుడ్డతో ఆ నల్లదాన్ని తుడుస్తూనే ఉన్నాడు.

రాజమణి ముఖానికి ఫోటో ఉంది. ఎల్లారెడ్డి స్టూడియోలో దిగిందే, ఇద్దరూ కుర్చీల్లో, మధ్యన కాగితం పూలు. గొంతుకు ఏముంది? మొన్న నాట్లకు ముందు మోటరు దగ్గర కూర్చుని, నీళ్లు మడిలోకి పారుతుంటే చూస్తూ, ఎప్పటిలాగే లోపల ఆ రాగాన్ని తీయబోయాడు. రెండు మెట్లు ఎక్కాడు. మూడోది లేదు. బావి గట్టు మీద కాలు పెట్టబోతే అక్కడ రాయి లేనట్టయింది. ఆ రోజంతా వెతికాడు. మోటరు ఆపి వెతికాడు, పండుకుని వెతికాడు. తెల్లారి కోడి కూసేముందు దానంతటదే వచ్చింది. వచ్చింది గానీ, ఇట్లా పోతే ఒకనాడు రాదని అర్థమైంది. తనే కూనిరాగం తీసి నిలుపుకుందామని చెరుకుతోట నడిమధ్యకు పోయి, ఎవరూ లేరని చూసుకుని, పెదవులు మూసి ముక్కుతో అన్నాడు. ఎద్దు ముక్కుతాడు లాగితే చేసే చప్పుడు వచ్చింది. పెద్ద మనిషి అయిన తరువాత ఎన్నడూ పాట అనని గొంతు అది, దానికి తోవ తెలియదు. తనలో తనకే సిగ్గయి, వంగి నాలుగు కలుపు మొక్కలు పీకాడు, అందుకోసమే వచ్చినవాడిలాగా.

తరువాత ఒక సాయంత్రం గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే, మస్కట్ పోయొచ్చిన రాజన్న అరుగు మీద కూర్చుని తన క్యాసియో మీద ఒంటి వేలితో ఒక మెట్టు నొక్కి పట్టాడు. అంతే. అది ముక్కుతో తీసినట్టే ఉంది. నిలబడి కొంచెం వణికింది. మోపు దించడం మరిచిపోయి సందులో నిలబడ్డాడు సిద్దిరాములు. మెడ నరాలు లాగుతున్నా నిలబడ్డాడు. రాజన్న నవ్వి, "ఏం కాకా, గింత ఇష్టమా? గిది నేనియ్య. పాతది గిది, గసొంటి గొంతు ఇప్పుడొచ్చే వాటిల లేదు, అన్నీ గిన్నెలు గొట్టినట్టు మోగుతయి. కామారెడ్డిల ఫరీద్ కాడ ఉంటె ఉండాలె" అన్నాడు. ఎవరికి కావాలి అని రాజన్న అడగలేదు, అంతవరకు మేలు. ఈ వయసులో, మట్టి వేళ్లతో, పెళ్లి బాజావాళ్లు వాయించే పెట్టె కొనబోతున్నాడంటే ఊరు ఊరంతా నవ్వుతుంది. మోటరు సామాను తేబోతున్నానని పక్కింట్లో చెప్పి బస్సెక్కాడు.

దుకాణం మెట్ల మీద చప్పుడైంది. ఒక ముసలామె, చేతికర్ర ముందు, తాను వెనుక, లోపలికి వచ్చింది.

"నా రేడియో నోరు విప్పిందా పోరడా?"

"విప్పింది ఎంకవ్వా. కరెంటు రానీ, నీ ముందటనే మాట్లాడిస్త."

"పోయిన వారం గూడ గిదే మాట జెప్పినవ్. నీ మాటకు సెల్లులుండయి."

"నీ నోటికైతె సెల్లులే అక్కరలేదు గదవ్వా."

ఎంకవ్వ గడప మీద కూలబడి, కొంగుతో మెడ తుడుచుకుని, స్టూలు మీది మనిషిని కింది నుంచి పైకి చూసింది. తాడ్వాయి నుంచి వచ్చానని తానే చెప్పింది. నీది ఏ ఊరని అడిగింది. "ఎల్లారెడ్డి దిక్కు" అన్నాడు. ఏం కొనవచ్చావని అడిగింది. గడ్డంతో పెట్టెలు చూపించాడు. "వాయించ వస్తదా?" "రాదు." "మరెందుకు?" అతను తువ్వాలు సర్దుకున్నాడు. ఎంకవ్వ అది చూసి, "నీ కాడ మాట గూడ కొనుక్కోవాలె గావచ్చు కొడుకా" అన్నది. ఫరీద్ నవ్వాడు. సిద్దిరాములుకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. రాజమణి కూడా ఒకసారి ఇట్లాంటి మాటే అన్నది. ఏ పని మీదనో గుర్తు లేదు, విత్తనాలో, ఎరువో. "జర నోరు తెరిస్తె నీ సొమ్మేం బోతది" అన్నది, అని తానే నవ్వి, పనిలో పడింది. ఆ నవ్వు గుర్తుంది. అది ఎట్లా ఉండేదో మాత్రం, అడిగితే చెప్పలేడు.

అప్పుడు వచ్చింది కరెంటు. పైన పంకా తిరిగింది, దాంతో పాటు అల్మారాల్లో ఎవరు ఎప్పుడు పెట్టి వదిలేశారో నాలుగైదు రేడియోలు ఒక్కసారే అరిచాయి. ఒకదానిలో వార్తలు, ఒకదానిలో ఉర్దూ పాట, ఒకదానిలో ఎరువుల సంగతి. సిద్దిరాములు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. మోకాళ్ల మీదికి వంగి, లోపల ఉందా, మూడో మెట్టు ఉందా అని తడుముకున్నాడు. ఉంది. పల్చబడింది, సగం వరకే వెచ్చగా ఉంది. ఫరీద్ ఒక్కొక్క దాని చెవి మెలేసి ఆపుకుంటూ వచ్చాడు.

ముందు నల్లదాన్నే మోగించాడు. ఒక మీట నొక్కితే డప్పులు, తాళాలు వాటంతటవే మొదలయ్యాయి. "సూడు కాకా, చెయ్యి పెట్టకున్నా నడుస్తది. కొత్తగ నేర్చుకునేటోనికి గిదే ఆసర. నువ్వు తప్పినా, నడుమ ఆగినా గిది ఆగది, ఖాళీ జాగ మొత్తం నింపుకుంట పోతది. నూరు గొంతులున్నయి." ఒక్కొక్క గొంతూ వినిపించాడు. పిల్లనగ్రోవి అన్నాడు, ఫిడేలు అన్నాడు, గంట అన్నాడు. అన్నీ ఇత్తడి బిందె మీద చెంచాతో కొట్టినట్టే ఉన్నాయి. సిద్దిరాములు లేచి వేలు పెట్టాడు. మెట్లు సన్నగా, చిన్నపిల్లల చేతులకు చేసినట్టు ఉన్నాయి, అతని ఒక్క వేలికి రెండు మెట్లు అణిగి రెండూ పోట్లాడుకున్నట్టు అరిచాయి. తీసేశాడు. ఆ డప్పులు అతని కోసం ఆగలేదు, ఎవరూ లేని పెళ్లిలో బాజా లాగా నడుస్తూనే ఉన్నాయి.

రెండోదానికి వైరు తగిలించాడు ఫరీద్. "దీనిల ఎనిమిదే గొంతులు కాకా. అగ్గువకిస్త గని, మల్ల నా మీదికి రావద్దు." ఒక చిన్న బిళ్ల ఉంది, దాన్ని ఇటు నుంచి అటు జరుపుతూ పోవాలి. ఒకటోది గరుకుగా ఉంది. రెండోది సన్నాయి లాగా. మూడో దగ్గరికి బిళ్ల జరిగినప్పుడు మెట్టు నొక్కి పట్టాడు సిద్దిరాములు. మెట్లు వెడల్పుగా ఉన్నాయి, వేలికి సరిపోయాయి. మూసిన పెదవుల వెనుక నుంచి వచ్చినట్టు వచ్చింది గొంతు. నిలబడింది. వణికింది. అతని ముంజేతి మీద వెంట్రుకలు లేచాయి. వేలు తీస్తే టక్కున తెగిపోలేదు, తలుపు దగ్గరికి వేసినట్టు మెల్లగా పోయింది. పక్క మెట్టు వెతుక్కున్నాడు. అది కాదు, దాని పక్కది. మొదటి మెట్టు, రెండోది, మూడోది. తప్పింది. మళ్లీ మొదటి నుంచి. నారు మడిలో నడుస్తున్నవాడు కాలుతో గట్టి జాగా తడుముకున్నట్టు తడుముకుంటూ, ఎక్కాడు, మూడో మెట్టు మీద నిలబడ్డాడు, రెండు దిగాడు. రాజమణి. ఎవరో పేరు పెట్టి పిలిచినంత సూటిగా, పొయ్యి పొగ, రొట్టె మాడిన వాసన, ఆమె మోచేతి మీది కాలిన మచ్చ, అన్నీ వచ్చాయి. వేలు లేపి ఆగాడు. ఎందుకు ఆగాడంటే ఆమె ఆగేది కాబట్టి. రొట్టె తిప్పేసేంతసేపు. ఆ భయం ఇప్పటికీ అట్లనే ఉంది ఛాతీలో.

ఆ ఖాళీలోకి, గడప మీద, ఫరీద్ తీసిచ్చిన తన రేడియో మూట ముడి విప్పుకుంటున్న ఎంకవ్వ, తల కూడా ఎత్తకుండా, బొంగురు గొంతుతో అన్నది:

"ఒడ్డు మీద ఒంటిగ ఎవ్వరున్నరే..."

అతని వేలు అలవాటు కొద్దీ అప్పటికే మొదటి మెట్టు మీదికి పోయింది. ఆమె ఆపిన చోట ఇతనిది మొదలైంది. ఎక్కింది, వణికింది, దిగింది. వాకిలికి తలుపు సరిపోయినట్టు సరిపోయింది. మళ్లీ ఆమె అన్నది, మళ్లీ వేలు ఎక్కింది. మూడోసారి చెయ్యి ఆగిపోయింది.

"అవ్వా" అన్నాడు. అతను నోరు తెరిచి ఒకరిని ఒక సంగతి అడగడం ఆ దుకాణంలో అదే మొదటిసారి. "గదేం పాట?"

"గదేం పాటేంది? నాటు పాటనాయె. మీ దిక్కు మడులు లేవా?"

"గింత మెల్లగ ఉండది గద నాటు పాట."

"మడిల ఉరుకుతం, ఇంట్ల నడుస్తం. పాట గూడ గంతే. నువ్వు వాయించింది ఎనుక పాట. ముందు పాట ముందామె అనాలె. ఆడోళ్లు మునుం పట్టి వరుసగ నాటుకుంట పోతరు గద, నడుము లేపి చూసే తీరువడి ఉండది. గందుకె ముందామె అడుగుతది, ఒంటిగ ఎవ్వరున్నరే అని. ఎనుకున్నోళ్లు పలుకుతరు, మేమున్నమమ్మా మేమున్నము అని. పలుకు రాకపోతె అప్పుడు చూస్తది, ఎవలు ఎనుకబడ్డరు, ఎవలికి కండ్లు తిరిగినయి అని. అడిగేటోళ్లు లేకుంటె గా పాట ఉత్త సగం." అని, రేడియో ఫరీద్ ముందర పెట్టి, "దీన్ని మాట్లాడియ్యి, నా బస్సుకు యాళ్లయింది" అన్నది.

సిద్దిరాములు స్టూలు మీద కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు, వేలు మెట్టు మీదే ఉంది. మేమున్నమమ్మా. పంకా తిరుగుతోంది. ముందామె భూదవ్వ, తమ వాడకట్టులో ఎప్పుడూ ఆమే, అతని మడిలో కూడా ఆమే ముందు నిలబడి అనేది, అతను అవతలి ఒడ్డున నారు కట్టలు విసురుతూ వినేవాడు, విని చెవి అవతల పడేసేవాడు, ఆడవాళ్ల పాట ఆడవాళ్లదే కదా. ఇంట్లో పొయ్యి ముందు అది మాటలు విడిచి, చీర మార్చుకుని కూర్చున్నట్టు కూర్చుంటే గుర్తుపట్టలేదు. రాజమణి కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది, నిండు బిందె చంకన పెట్టుకుని ఉరికి వచ్చే వయసులో కూడా ఆ ఖాళీ ఉంది. అప్పుడు దమ్మెక్కడిది? దమ్ము కాదు. ఎన్నడూ దమ్ము కాదు. ఖాళీ దగ్గర తలెత్తి ఇటు చూసేది. అతను వాకిట్లోకి చూసేవాడు. రొట్టె తిప్పేసేది. ఉన్నానని మళ్లీ తానే పలికేది. ఎవరూ అడగని మాటకు, ఒక్క పూట తప్పకుండా, అన్ని ఏండ్లు.

"ఏం జేద్దాం కాకా?" అన్నాడు ఫరీద్. రేడియోలో ఎవరో మాట్లాడుతున్నారు, ఎంకవ్వ దాన్ని చెవికి ఆనించుకుని తృప్తిగా తలూపుతోంది. "నల్లది తీస్కో, నా మాటిను. ఆ పాతదానికి తోడు ఏదీ మోగది. నువ్వు ఆగితె గది గూడ ఆగుతది."

"గదే కట్టు."

బస్సులో ఎంకవ్వ ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చున్నది. మూటలో రేడియోకు కూడా టికెట్టు అడుగుతావా అని కండక్టరుతో పెట్టుకున్న పంచాయతీ తాడ్వాయి దాకా సాగింది. అక్కడ దిగి, వెనక్కి చూడకుండా, కర్ర ముందు పెట్టుకుని పోయింది. ఇంకో ముందు మాట ఏదైనా ఉందా అని అడగాలని అతను లేచేసరికే బస్సు కదిలింది. ఉంటుంది, ఉండకుండా ఎట్లా ఉంటుంది, అడిగే మాటలు చాలా ఉంటాయి. భూదవ్వకు తెలిసి ఉంటాయి. భూదవ్వ గుమ్మం ముందు నిలబడి అడగాలి. రాజమణి పోయిననాడు ఆమె వచ్చి పక్కన కూర్చుంటే కూడా మాట్లాడలేదు తను. బయట నాట్లు పూర్తయిన మళ్లు పచ్చగా వెనక్కి పోతున్నాయి, ఎక్కడో ఒక మడిలో ఇంకా పదిమంది ఆడవాళ్లు వంగి ఉన్నారు, బస్సు చప్పుడులో వాళ్ల గొంతులు రావు, నడుములే కనపడతాయి. ఒడిలో పెట్టె, దాని మీద తువ్వాలు. తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. కరెంటు లేని మెట్లు, నొక్కితే కట్టె మీద గోరు తగిలిన చప్పుడు తప్ప ఏమీ రాదు. అయినా మూడూ దొరికాయి, వెతుక్కోకుండానే దొరికాయి. ఇక పోవు. మూడో మెట్టు వేలికి తెలిసింది. ఇందుకోసమే వచ్చాడు, ఇది చేతికి వచ్చింది, సంతోషం కావాలి. బస్సు లింగంపేట దాటింది. పక్క సీటు ఖాళీ అయింది. పెదవులు విప్పాడు, మూసుకున్నాడు. గొంతులో ఎద్దు ముక్కుతాడు. మళ్లీ విప్పాడు. రాగం లేదు దానిలో, వట్టి మాటే, పొలం కాడ మనిషి మనిషిని అడిగినట్టు.

"ఒడ్డు మీద ఒంటిగ ఎవ్వరున్నరే."

టికెట్ల సంచి సర్దుకుంటూ వస్తున్న కండక్టరు ఆగాడు. "నన్నేనా కాకా? ఏమన్నవు?"

"నిన్ను గాదు" అన్నాడు సిద్దిరాములు.

కండక్టరు వెనుకకు పోయాడు. తువ్వాలు కింద వేళ్లు మెట్ల మీదే ఉన్నాయి. నొక్కలేదు. అడిగినవాడు ఆగాలి కదా. కిటికీ వైపు తిప్పుకోబోయిన ముఖాన్ని పక్కనున్న ఖాళీ సీటు వైపు తిప్పి, రొట్టె తిప్పేసేంతసేపు ఆగాడు, ఆ తరువాత ఇంకా కొంచెంసేపు ఆగాడు.